దోమల పని మీద మలావి వెళ్ళి

(తిరుపతిలో జీవశాస్త్రం, నర్సింగు విద్యార్థుల ముందు ఒక కీటక శాస్త్రజ్ఞురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి. ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ఇక్కడ కూర్చుంటే ప్రశ్నలు వేస్తానని భయమా? వేయను. రండి.

నన్ను పిలిచినవారు ఈ ప్రసంగానికి ‘విదేశాల్లో ఉద్యోగావకాశాలు’ అని పేరు పెడదామన్నారు. నేనే వద్దన్నాను. ఆ పేరు పెట్టి ఉంటే ఈ వరసలు కూడా నిండేవి, ఒప్పుకుంటాను. కానీ అవకాశాల సంగతి చెప్పడానికి ఏజెంట్లు చాలామంది ఉన్నారు, ఊరి నిండా బోర్డులున్నాయి. ఒక ఆరోగ్య ప్రాజెక్టు పని మీద పరాయి దేశం వెళ్ళిన మనిషి అక్కడ ఎలా నిలదొక్కుకుంటుంది, ఏది నిలబెడుతుంది, ఏది నిలవనివ్వదు, అది చెబుదామని వచ్చాను.

నేను వెళ్ళింది మలావి. ఆ పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. ముగ్గురు, నలుగురు. పరవాలేదు, వెళ్ళే ముందు నాకూ అంతే తెలుసు. ఆఫ్రికా ఖండంలో ఆగ్నేయ దిక్కున, టాంజానియా, మొజాంబిక్, జాంబియాల మధ్య ఉన్న చిన్న దేశం. సముద్రతీరం లేదు, తూర్పు వైపు పొడవునా పెద్ద సరస్సు ఉంది. 1964లో బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. రాజధాని లిలోంగ్వే. నేను ఇల్లు తీసుకుంది దక్షిణాన ఉన్న బ్లాంటైర్ నగరంలో. పని చేసింది అక్కడి నుంచి కిందికి దిగితే వచ్చే చిక్వావా జిల్లాలో. దిగడమంటే నిజంగా దిగడమే. బ్లాంటైర్ సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిక్వావా షిరే నది లోయలో 100 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డుకు అలవాటు పడ్డదాన్ని కాబట్టి ఆ మలుపులు నన్నేమీ చేయలేదు. కింద ఉన్న ఎండ మాత్రం చేసింది. అక్టోబరు, నవంబరుల్లో 40 డిగ్రీలు దాటిపోతుంది. రేణిగుంటలో మే నెలలు గడిపినదాన్ని, నాకు ఎండను గురించి ఎవరూ చెప్పనక్కర్లేదనుకుంటూ జీపు దిగాను. దిగి మళ్ళీ జీపులో కూర్చున్నాను.

ఇక పని. మలేరియా. అక్కడ ఇప్పటికీ అయిదేళ్ళలోపు పిల్లల్ని, గర్భిణుల్ని చంపుతున్న జబ్బు. మన దగ్గర వైవాక్స్, ఫాల్సిపారం రెండు రకాలూ కనిపిస్తాయి. అక్కడ దాదాపు అంతా ఫాల్సిపారమే, అంటే మెదడుకు ఎక్కే రకం. నాది డాక్టరు పని కాదు, దోమల పని. ఏ ఊళ్ళో ఏ దోమ ఉంది, ఎప్పుడు కుడుతోంది, కుట్టి ఎక్కడ వాలుతోంది, దోమతెరకు పూసిన మందుకు చస్తోందా లేదా, ఇవీ మా ప్రశ్నలు. అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. రెండేళ్ళకే, 1899లో, అదే పని మీద ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్ వెళ్ళాడు. కాబట్టి తెలుగు నేల నుంచి దోమల కోసం ఆఫ్రికా పోయినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాను. ఆయన వెనక సామ్రాజ్యం ఉంది, నా వెనక మా అమ్మ కట్టిచ్చిన పచ్చళ్ళ డబ్బాలున్నాయి.

పని ఎలా చేస్తామో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే నిలదొక్కుకోవడం, నిలదొక్కుకోకపోవడం అంతా అందులోనే ఉంది.

తెల్లవారుజామున, ఇంటివాళ్ళు లేచీ లేవకముందే వాకిట్లోకి చేరాలి. ఒకటో రెండో గదుల ఇల్లు, మట్టి గోడలు, గడ్డి కప్పు. గోడకూ కప్పుకూ మధ్య చూరు దగ్గర చుట్టూ సందు ఉంటుంది. గాలికని వదిలిన సందు అది, దోమకు రాజమార్గం. ముందు తినే వస్తువులు, నీళ్ళ కుండ, కోళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, అందరినీ అన్నిటినీ బయటికి తేవాలి. లోపల నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్ల దుప్పట్లు పరుస్తాం. పడక మీద కూడా పరుస్తాం. తలుపు మూసి, ఒకరు లోపల, ఒకరు బయట చూరు చుట్టూ తిరుగుతూ పైరెత్రం మందు కొడతారు. పది పదిహేను నిమిషాలు ఆగుతాం. గోడల మీద, కప్పు కింద వాలి ఉన్న దోమలన్నీ దుప్పటి మీద రాలతాయి. నాలుగు కొసలూ పట్టుకుని లోపలికి మడిచి, వాకిట్లోకి తెచ్చి, వెలుతురులో విప్పుతాం. చిన్న పటకారుతో ఒక్కొక్క దోమనే ఏరి, తడి దూది పరిచిన గాజు పళ్ళెంలో పెడతాం. నిన్న రాత్రి రక్తం తాగినదైతే పొట్ట ఎర్రగా నిగనిగలాడుతుంది. సగం అరిగితే నలుపు తిరుగుతుంది. గుడ్లు నిండితే తెల్లబడుతుంది. భూతద్దం కూడా అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు ఆ ఇంటివాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. మీ ఇంటికి సూర్యుడు రాకముందే భాష రాని ఒక మనిషి వచ్చి, మీ పిల్లల్ని పక్కల మీది నుంచి లేపి, మీ పడకగదిలోకి దూరి, దుప్పట్లు పరచి, మందు కొట్టి, మీ రక్తం తాగిన పురుగుల్ని సీసాలో పెట్టుకుని పోతానంటే మీరు ఒప్పుకుంటారా? నిజం చెప్పండి. నేనైతే ఒప్పుకోను. మా అమ్మయితే చీపురు తీస్తుంది.

అందులోనూ రక్తం. 2017లో మలావి దక్షిణ జిల్లాల్లో, ములాంజె, ఫలోంబె వైపు, రాత్రిళ్ళు మనుషుల రక్తం పీల్చేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు పుట్టింది. జనం గుంపులుగా కాపలా కాసి, అనుమానం వచ్చినవాళ్ళను కొట్టి చంపారు. ఐక్యరాజ్యసమితి తన సిబ్బందిని ఆ రెండు జిల్లాల నుంచి వెనక్కి పిలిపించుకుంది. మేము వెళ్ళేనాటికి ఆ గొడవ సద్దుమణిగింది, జనం మరిచిపోలేదు. వేలి కొసన సూది గుచ్చి ఒక్క బొట్టు తీస్తామన్నా ‘ఆ బొట్టు ఎక్కడికి పోతుంది, ఎవరు కొంటారు’ అని అడుగుతారు. మన ఊళ్ళలో కిడ్నీల పుకార్లు లేవా, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ పుకార్లు లేవా? ఉన్నాయి. ఆ పుకార్లకు కొట్టి చంపిన సంగతులూ ఉన్నాయి. కాబట్టి వాళ్ళను చూసి నవ్వడానికి మనకు ముఖం లేదు. పైగా తెలియని మనిషి వచ్చి రక్తం అడిగితే అనుమానించడం తెలివి తక్కువ పని ఏమీ కాదు.

ఒక రోజు అలాగే వాకిట్లో దుప్పటి విప్పాం. ఆ ఇంటి ముసలావిడ మా పక్కనే కూర్చుంది. ఆవిడ పిల్లల బాధ్యత చూసుకునే మనిషి, కూతురు పట్నంలో పనికి పోయింది. గాజు పళ్ళెంలోకి వంగి చూసి, ఎర్రటి పొట్టలున్న దోమల్ని వేలితో చూపించి, “వీటిలో ఉన్నది నా మనవడి రక్తమా?” అని అడిగింది. మా సహాయకుడు నాకు తర్జుమా చేసి చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అది మనిషి రక్తమో, ఆవుదో, మేకదో మా ప్రయోగశాలలో తేలుతుంది, ఏ మనిషిదో మాత్రం మా పరీక్షలో తేలదు. ఆవిడ కాసేపు లెక్కపెట్టింది. ఆ గదిలో పడుకునేది ఆవిడా, ఆ పిల్లవాడూ, వాడి చెల్లెలూ. ఆవు లేదు, మేక లేదు. “అయితే మాదే” అంది. తరువాతి ఇంటికి మమ్మల్ని ఆవిడే వెంట పెట్టుకుని తీసుకువెళ్ళింది. మా ప్రాజెక్టు వాళ్ళు అచ్చు వేయించిన రంగురంగుల కరపత్రాలు ఆ ఊళ్ళో ఏ పని చేశాయో నాకు తెలియదు, ఆ పళ్ళెం మాత్రం పని చేసింది.

ఊళ్ళోకి అడుగు పెట్టే పద్ధతి ఒకటుంది. ముందు జిల్లా ఆరోగ్య కార్యాలయం, తరువాత ఆ ప్రాంతపు పెద్ద, ఆ తరువాత ఊరి పెద్ద. ఊరి పెద్దను మ్ఫుము అంటారు. ఆడవాళ్ళు కూడా ఆ స్థానంలో ఉంటారు. ఆయన ఎదుటో ఆమె ఎదుటో కింద కూర్చుని, వచ్చిన పని చెప్పి, అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్ళం నడుముకు చితెంజె అనే అచ్చు గుడ్డ చుట్టుకుంటాం. నేను ప్యాంటు మీదే చుట్టుకునేదాన్ని. పలకరింపులు పొడుగ్గా ఉంటాయి. ములి బ్వాంజి అని మొదలు పెట్టి, ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు, అన్నీ అయ్యాకే పని మాట. హడావుడి మనిషికి అక్కడ విలువ లేదు. మాతో వచ్చిన ఒక విదేశీ నిపుణుడికి, పేరు వద్దులెండి, ఈ పలకరింపులన్నీ సమయం వృథా అనిపించేవి. ఆయన ఇంగ్లీషులో ‘మనం పనిలోకి వెళదాం’ అనేవాడు. ఆయన వెళ్ళిన ఊళ్ళలో తలుపులు తెరుచుకునేవి, ఇంటివాళ్ళు మాత్రం పొలం పోయి ఉండేవాళ్ళు!

ఒక్క మాట. వాళ్ళకేమీ తెలియదు, మనం పోయి నేర్పుతాం అనుకుని బయలుదేరేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే దయచేసి టికెట్టు రద్దు చేసుకోండి. ఆఫ్రికాలో క్లోరోక్విన్‌ను అందరికంటే ముందు, 1993లోనే, పక్కన పెట్టిన దేశం మలావి. వాడకం ఆగిన కొన్నేళ్ళకు పరాన్నజీవి మళ్ళీ ఆ మందుకు లొంగుతోందని తేల్చిన పరిశోధన జరిగింది బ్లాంటైర్‌లోనే. మొదటి మలేరియా టీకాను 2019 ఏప్రిల్‌లో పిల్లలకు మామూలు టీకాలతో పాటు ఇవ్వడం మొదలు పెట్టింది కూడా ఆ దేశమే, ఆ తరువాతే ఘనా, కెన్యా. ఊరూరా ఆరోగ్య శాఖ సహాయకులు ఉంటారు. మన ఆశా కార్యకర్తలు చేసే పనులు చాలావరకు వాళ్ళు చేస్తారు, కాకపోతే వాళ్ళు జీతం మీద పనిచేసే ఉద్యోగులు. ఏ చెరువు గట్టున ఫ్యునెస్టస్ రకం దోమ పుడుతుంది, వాన వెలిశాక ఏ గిట్టల గుంటల్లో అరాబియెన్సిస్ రకం పుడుతుంది, నేను పుస్తకంలో చదివి వెళ్ళాను, వాళ్ళు నడిచి తెలుసుకున్నారు.

సరే, తిండి సంగతి. తిరుపతిలో ఏ సభకు పోయినా తిండి ప్రశ్న రాకుండా ఉండదు. అక్కడ రోజూ తినేది న్సిమా. తెల్ల మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి తెడ్డుతో ఎనిపి ఎనిపి గట్టిగా చేస్తారు. అచ్చం మన రాగి సంగటి, రంగే వేరు. తినే ముందు ఒకరు అందరి చేతుల మీదా నీళ్ళు పోస్తారు. కుడిచేత్తో ముద్ద తుంచి, పక్కనున్న కూరలో అద్దుకు తినాలి. తోటకూర ఉంది, గుమ్మడి ఆకు ఉంది, వేరుశనగ పొడి వేసి వండుతారు. చిత్తూరు జిల్లా మనిషికి వేరుశనగ పొడి వేసిన ఆకుకూర పెడితే ఇంకేం కావాలి? నేను ముద్ద తుంచి మింగిన తీరు చూసి మా సహాయకుడి భార్య “నీకు ఎవరు నేర్పారు?” అంది. మా అవ్వ నేర్పింది, రాయలచెరువు దిగువన, అన్నాను. అన్నట్టు రాగులు మన దేశానికి వచ్చింది తూర్పు ఆఫ్రికా నుంచే, వేల ఏళ్ళ కిందట. చింతచెట్టు సొంతూరు కూడా ఆఫ్రికానే. కందులు మాత్రం ఇక్కడి నుంచి అక్కడికి పోయాయి. ఇప్పుడు తిరిగి వస్తున్నాయి, ఏడాదికి 50,000 టన్నుల కందులు మలావి నుంచి తెచ్చుకునేలా 2021లో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. కాబట్టి మీరు నిన్న తిన్న పప్పు ఏ దేశపుదో గట్టిగా చెప్పకండి.

మా అమ్మ ఇవేవీ నమ్మలేదు. మనకూ వాళ్ళకూ మూడున్నర గంటల తేడా. ఆమె ఉదయం ఎనిమిదికి కాఫీ తాగి ఫోను చేసేది, అక్కడ అప్పటికి నాలుగున్నర. నేను చీకట్లో బూట్లు తొడుక్కుంటూ ఉండేదాన్ని. రోజూ ఒకటే ప్రశ్న, ఏం తిన్నావు అని. ఇంకా ఏమీ తినలేదమ్మా, ఇక్కడ తెల్లవారలేదు అంటే, అక్కడెందుకు అంత ఆలస్యంగా తెల్లవారుతుంది అనేది.

బ్లాంటైర్ పక్కనే లింబే అని బజారు ఉంది. గుజరాతీ వర్తకుల కొట్లు తరతరాల నుంచీ ఉన్నాయి. ధనియాలు, జీలకర్ర, ఇంగువ, అన్నీ దొరుకుతాయి. ఇది చెప్పడం ఇంగువ కోసం కాదు. మీరు ఆ దేశంలో దిగగానే, అక్కడివాళ్ళకు భారతీయులంటే ముందు గుర్తొచ్చేది కొట్టు యజమాని. 1970లలో అప్పటి అధ్యక్షుడు బాండా ప్రభుత్వం ఆసియా వర్తకులను పల్లెల్లో వ్యాపారం చేయనివ్వకుండా నగరాలకే పరిమితం చేసింది. ఆ చరిత్ర ఇంకా రెండు వైపులా మనసుల్లో ఉంది. బేరం ఆడే మనిషి, పనివాళ్ళ మీద అరిచే మనిషి అని ఒక బొమ్మ మీ కంటే ముందే వెళ్ళి కూర్చుని ఉంటుంది. మీ డిగ్రీ చూపిస్తే అది పోదు. దాని పక్కన మీరు కొన్నాళ్ళు ఓపికగా కూర్చోవాలి.

మొదటి కొన్ని నెలలు నేను బాగానే ఉన్నాననుకున్నాను. ఇల్లు, గ్యాసు, ఫోను సిమ్ము, బ్యాంకు ఖాతా, వారానికొకసారి సాంబారు. పని జరుగుతోంది. అయినా ఎక్కడో అతిథిలానే ఉంది. అందరూ మర్యాదగా ఉండేవాళ్ళు, ఎవరూ నా మీద కోప్పడేవాళ్ళు కాదు. ఆలోచించండి, ఎవరూ కోప్పడని చోటు ఇల్లవుతుందా?

2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. తిరుపతి మునిగింది. కపిలతీర్థం దగ్గర నీళ్ళు విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్డు మీద చరియలు పడ్డాయి, స్వర్ణముఖి పొంగింది. ఆ వెంటనే రాయలచెరువు కట్టకు గండి పడుతుందని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. మా అమ్మ ఉండేది ఆ దిగువ ఊళ్ళోనే. ఫోను కలవదు. నేను బ్లాంటైర్‌లో కూర్చుని తెలుగు వార్తల్లో నీళ్ళు చూస్తున్నాను. మా వాళ్ళకు ఎవరు చెప్పారో, సాయంత్రానికి మా ఫీల్డు సహాయకుడు, డ్రైవరు, ప్రయోగశాలలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు ఇంటికి వచ్చారు. ఏమీ అనలేదు. నేల మీద కూర్చున్నారు. ఒకమ్మాయి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది, నా అనుమతి అడగలేదు. రాత్రి పొద్దుపోయేదాకా ఉన్నారు. మరునాడు అమ్మ ఫోను కలిసింది, బంధువుల ఇంటికి చేరింది, క్షేమం. “నాకేమైందే, ముందు నువ్వేం తిన్నావు?” అంది.

ఆ రోజు నుంచి లెక్క మారింది. అంతదాకా నేను వాళ్ళకు ఏదో ఇవ్వడానికి వచ్చినదాన్ని. పరిశోధన ఇస్తున్నాను, శిక్షణ ఇస్తున్నాను, దోమతెరల సమాచారం ఇస్తున్నాను. ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. అలా పైన ఉన్నంతకాలం మీరు అక్కడ ఉన్నట్టు కాదు. వాళ్ళ దగ్గర తీసుకోవలసి వచ్చినప్పుడే మీరు ఆ ఊరి మనిషి కావడం మొదలవుతుంది. నేను మీకు చెప్పడానికి వచ్చిన ముఖ్యమైన సంగతి ఇదే, మిగతాదంతా దీని చుట్టూ ఉన్నదే.

రెండు నెలలు తిరక్కముందే, 2022 జనవరిలో, ఆనా తుపాను వచ్చింది. షిరే నది చిక్వావాను ముంచింది. కపిచిరా జలవిద్యుత్ కేంద్రం దెబ్బతింది. దేశానికంతటికీ కరెంటు కోత. మేము దోమల్ని పెంచే గదికి, నమూనాలు దాచే ఫ్రిజ్‌కు జనరేటరే దిక్కు. ఈసారి నేను వెళ్ళి కూర్చున్నాను. మా సహాయకుడి పెదనాన్న ఇంటి గోడలు కూలాయి. ఏం మాట్లాడాలో తెలియదు, మాట్లాడనక్కర్లేదని నాకు అప్పటికి వాళ్ళే నేర్పారు. ఆ ఏడాదే కలరా మొదలైంది. మరుసటి ఏడాదికి 1,700 మందికి పైగా చనిపోయారు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను. బ్లాంటైర్ కొండవాలు బస్తీల మీద బురద విరిగిపడింది, చనిపోయినవారూ గల్లంతైనవారూ కలిపి దేశంలో వెయ్యి దాటారు. మాది మలేరియా ప్రాజెక్టు. కలరాకు, తుపానుకు మా బడ్జెట్‌లో గడి లేదు. అయినా పని ఆగిందంటే ఆగింది. అక్కడ ఊళ్ళో ఒక చావు జరిగితే పొలం పనులే ఆపేస్తారు. ఆడవాళ్ళందరూ ఆ ఇంట్లో నేల మీద కూర్చుంటారు, మగవాళ్ళు బయట. ఆ రోజు దుప్పట్లు పట్టుకుని వెళ్ళడమంత అమర్యాద ఇంకొకటి లేదు. నిధులిచ్చేవాళ్ళకు మా ఆలస్యం ఎందుకో రాసేటప్పుడు ‘స్థానిక కారణాలు’ అని రాసేవాళ్ళు. వందల మంది పోయిన దుఃఖం ఆ రెండు మాటల్లో సర్దుకుపోయేది.

ఇప్పుడు ఇబ్బందికరమైన మాట ఒకటి చెబుతాను. జీతాలు. నాకు జీతం డాలర్లలో వచ్చేది. నాతో అదే చీకట్లో లేచి, అదే దుప్పటి రెండో కొస పట్టుకునే మనిషికి క్వాచాల్లో వచ్చేది. 2022 మేలో క్వాచా విలువ తగ్గించారు, డాలరుకు వచ్చే క్వాచాలు 25 శాతం పెరిగాయి. 2023 నవంబరులో ఇంకో 44 శాతం. అంటే ఆ రోజు తెల్లారేసరికి నా జీతం వాళ్ళ లెక్కలో పెరిగింది, వాళ్ళ జీతంతో కొనగలిగే నూనె, చక్కెర తగ్గాయి. ఇద్దరం చేసింది ఒకే పని. నిజానికి నా కంటే వాళ్ళే ఎక్కువ చేశారు, నాకు తర్జుమా కూడా చేసి పెట్టారు. దీనికి మీరు చేయగలిగింది పెద్దగా ఉండదు. పైవాళ్ళతో మాట్లాడాం, కొంత పెంచారు, చాలలేదు. అప్పులు అడుగుతారు. ఇవ్వాలా వద్దా అని ప్రతి విదేశీ ఉద్యోగీ తల పట్టుకుంటాడు. నేను నాకు పోయినా ఫరవాలేదనుకున్నంత మేరకు ఇచ్చేదాన్ని, తిరిగి అడిగేదాన్ని కాదు. ఇది సరైన పద్ధతి అని చెప్పను. మీ మనసుకు మీరు సర్దిచెప్పుకోవాలి. కానీ ఈ తేడా లేనట్టు నటించకండి, వాళ్ళు నటించరు.

నీకు మలేరియా వచ్చిందా అని అందరూ అడుగుతారు. వచ్చింది. నివారణ మాత్రలు వేసుకున్నా నూటికి నూరు పాళ్ళు రక్షణ ఉండదు. చిన్నప్పటి నుంచీ కుట్టించుకుంటూ పెరిగిన అక్కడి పెద్దవాళ్ళకు కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది, మనకు లేదు. చలి, ఒళ్ళు విరిచేసే నొప్పులు. వేలు గుచ్చి పరీక్ష పట్టీ మీద బొట్టు వేస్తే పావుగంటలో రెండో గీత వచ్చింది. ఆర్టిమెథర్, లూమెఫాంట్రిన్ కలిపిన మాత్రలు, పూటకు నాలుగు, మూడు రోజుల్లో ఆరు పూటలు. ఆ మందు కొవ్వు ఉన్న తిండితో తీసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. నాకేమో నీళ్ళు కూడా మింగబుద్ధి కాలేదు. మా సహాయకుడి భార్య మొక్కజొన్న జావలో వేరుశనగ పిండి కలిపి తెచ్చింది. చెంచా పట్టుకుని ఎదురుగా కూర్చుంది. వద్దన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. చిచేవా భాషలో ఏమేమో తిట్టింది, సగమే అర్థమైంది. ఇందాక అన్నాను చూశారా, ఎవరూ కోప్పడని చోటు అని. ఆ పూట గిన్నె ఖాళీ చేశాను.

మనం తిరుపతివాళ్ళం. కొండకు రోజుకు 60, 70 వేల మంది వస్తారు. పరాయివాళ్ళను చూడడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఏ భాషవాళ్ళో బట్టలు చూసి చెప్పేస్తాం. కానీ మనం పరాయివాళ్ళం కావడం మనకు అలవాటు లేదు. ఇది గమనించారా?

ఇంకో సంగతి. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం మొదలైంది. నడిపిన డాక్టరు డెన్మార్క్ దేశస్థుడు, క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. తరువాతి కాలంలో కొడుకు జొహానెస్ ఆ పని అందుకున్నాడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. 1950లలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ ఎంతమందికి ఉందో లెక్క తీశారు. ఆ లెక్కల్ని ప్రపంచమంతా చదివింది. పుస్తకాల్లో ఆ డాక్టర్ల పేర్లు ఉంటాయి. తలుపు తీసినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? మన అవ్వలూ తాతలూ ఆ తెల్లవాళ్ళను చూసి ఏమనుకున్నారు, ఎవరు ముందుగా చేయి చాపి సూది వేయించుకున్నారు, ఎవరు పక్కింటికి దారి చూపించారు? నాకు ఆ ముసలావిడ గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళను అడగండి. ఎనభై దాటినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆలస్యం చేయకండి.

చీటీల మీద ప్రశ్నలు పంపారు. రెండు మూడు చూస్తాను.

‘టీకాలు ఏవి వేయించుకోవాలి?’ వెళ్ళే దేశాన్ని బట్టి డాక్టరు చెబుతారు. ఎల్లో ఫీవర్ సంగతి మాత్రం మరిచిపోకండి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు, టీకా వేసిన 10 రోజుల తరువాతే చెల్లుతుంది, 2016 నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. మనకు దగ్గర్లో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఇథియోపియా, కెన్యాల మీదుగా తిరిగి వస్తుంటే మన విమానాశ్రయంలోనే అడగవచ్చు. కార్డును పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి, పెట్టెలో కాదు. అలాగే అక్కడి ప్లగ్గులకు మూడు పలకల ముళ్ళు ఉంటాయి, మన గుండ్రటివి దూరవు.

‘ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళవచ్చా?’ వెళ్ళవచ్చు. నేను వెళ్ళాను కదా. పడకగదిలోకి రానివ్వమని అడిగే పనిలో ఆడవాళ్ళం కావడమే మేలు చేసింది. రాత్రిపూట ఒంటరిగా నడవకపోవడం, తెలిసిన డ్రైవరును పెట్టుకోవడం ఇక్కడ ఎంత అవసరమో అక్కడా అంతే. మీ నాన్నగారిని ఒప్పించడం నా చేతిలో లేదమ్మా, చీటీ మీద పేరు రాయలేదు గానీ ప్రశ్న చూస్తే తెలుస్తోంది.

‘ఆఫ్రికా దోమలు మన దేశానికి వస్తాయా?’ మంచి ప్రశ్న, తిరగేసి అడగాలి. మన పట్టణాల్లో మేడల మీది నీళ్ళ ట్యాంకుల్లో పెరిగే అనాఫిలిస్ స్టీఫెన్సీ అక్కడికి వెళ్ళింది. 2012లో జిబూతీలో, 2016లో ఇథియోపియాలో దొరికింది, సూడాన్, కెన్యా, నైజీరియా దాకా పాకింది. అంతవరకూ ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా పల్లెల జబ్బు, ఇది పట్టణాల్లోకి తెస్తోంది. దీనికి వీసా లేదు, పసుపు కార్డు లేదు, ఊరి పెద్ద అనుమతి లేదు. మూత లేని ట్యాంకు ఉంటే చాలు.

దాని పిల్లల్ని మీరు చూడాలంటే ఆఫ్రికా పోనక్కర్లేదు. బయట వరండాలో బల్ల మీద రెండు తెల్ల గిన్నెలు, మైక్రోస్కోపు పెట్టాను. నీటి పైపొరకు సమాంతరంగా పడుకున్నట్టు ఉంటే అనాఫిలిస్, తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతుంటే క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. ఏ గిన్నెలో ఏది ఉందో చూసి, కాగితం మీద రాసి నాకివ్వండి. ఆ నీళ్ళు ఈ ఉదయం మీ హాస్టలు మేడ మీది ట్యాంకులోంచి తెచ్చినవే, మూత సంగతి వార్డెన్‌గారికి చెప్పాను.